హిమాలయ సాలమాండర్, పాల సొర: ఒకటి కొండకొలనులో, ఒకటి తీరజలాల్లో

వేసవి వానలు మొదలయ్యే వేళ డార్జిలింగ్ కొండల్లోని కొలనుల అంచున, నాచు పట్టిన రాళ్ళ సందుల నుంచి జానెడు పొడవున్న ఒక జంతువు నెమ్మదిగా నీటివైపు నడుస్తుంది. చూపులకు బల్లిలా ఉంటుంది కానీ బల్లి కాదు. ఒంటిపై పొలుసులు లేవు, వేళ్ళకు గోళ్ళు లేవు. ముదురు గోధుమరంగు చర్మం నిండా బుడిపెలు. అది హిమాలయ సాలమాండర్. అక్కడికి ఎంతో దూరాన, విశాఖపట్నం చేపల రేవులోనో, ముంబయి, వేరావల్ రేవుల్లోనో తెల్లవారుజామున మరబోట్ల నుంచి దించే గంపల్లో, రొయ్యల మధ్య, మూరెడుకు కాస్త అటూ ఇటూ పొడవున్న బూడిదరంగు చేపలు కనిపిస్తాయి. ముట్టె పారలా చదునుగా, ముందుకు సాగి ఉంటుంది. అది పార ముట్టె సొర. శాస్త్రీయ నామం స్కోలియోడాన్ లాటికాడస్. కోస్తా ఆంధ్ర మత్స్యకారులు దీనిని, దీనిని పోలిన మరికొన్ని చిన్న సొరలను కలిపి పాల సొర అని పిలుస్తారు.

ఈ రెండింటినీ ఒకచోట చేర్చి పరిశీలించడం వింతగా తోచవచ్చు. కానీ రెండింటికీ కొన్ని పోలికలు ఉన్నాయి. రెండూ వెన్నెముక గల మాంసాహారులు, రెండూ తమ తమ వర్గాలలో చిన్నవి. రెండింటి శాస్త్రీయ గుర్తింపూ 2010, 2015 సంవత్సరాలలో సవరణకు గురైంది. రెండింటి అంతర్జాతీయ వాణిజ్యమూ ఇప్పుడు ఒకే ఒడంబడిక అదుపులో ఉంది. అన్నిటినీ మించి, సంతానాన్ని కనే విధానంలో ఈ రెండూ మన పాఠ్యపుస్తకాల అంచనాలను తారుమారు చేస్తాయి. నేలపైకి వచ్చిన జంతువు గుడ్లు పెడుతుంది. నీటిలోనే ఉండిపోయిన చేప పిల్లల్ని కంటుంది.

చుట్టరికం ఎంత దూరం?

సొరలు మృదులాస్థి చేపలు. వాటి దేహంలో గట్టి ఎముక ఉండదు. మన చెవి డొప్పలోనూ, ముక్కు కొసలోనూ ఉండే మెత్తని పదార్థమే వాటి అస్థిపంజరం. సాలమాండర్లు కప్పలతో పాటు ఉభయచరాల తరగతికి చెందుతాయి. కప్పకు పెద్దయ్యాక తోక ఉండదు, సాలమాండర్‌కు జీవితాంతం ఉంటుంది. మృదులాస్థి చేపల వంశమూ, ఎముకలు గల చేపల వంశమూ విడిపోయి 42 కోట్ల ఏళ్ళు దాటింది. ఎముకల చేపల శాఖ నుంచే తరువాతి కాలంలో నాలుగు కాళ్ళ జంతువులు పుట్టుకొచ్చాయి. అందువల్ల ఒక తమాషా ఏర్పడుతుంది. చెరువులోని శీలావతినీ, సముద్రంలోని సొరనూ మనం ఒకే గాట కట్టి చేపలు అంటాం. వంశవృక్షం లెక్కన మాత్రం శీలావతికి సొర కంటే సాలమాండరే దగ్గరి బంధువు. ఆ మాటకొస్తే మనిషీ అంతే.

ప్రపంచంలో సొర జాతులు 500కు పైగా ఉన్నాయి, సాలమాండర్ జాతులు సుమారు 800. అయితే సాలమాండర్లలో అత్యధికం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాలవే. భారతదేశంలో వీటికి ప్రాతినిధ్యం వహించేది టైలోటోట్రైటాన్ అనే ఒక్క ప్రజాతి మాత్రమే. అది కూడా తూర్పు హిమాలయాలకూ, ఈశాన్య రాష్ట్రాలకూ పరిమితం. దక్కన్ పీఠభూమిలో, తూర్పు కనుమల్లో సాలమాండర్ ఒక్కటీ లేదు. తెలుగులో దానికి ఇంటిపేరు లేకపోవడానికి కారణం ఇదే. సొర సంగతి ఇందుకు పూర్తి భిన్నం. దాని పేరును తెలుగు ప్రపంచ శాస్త్రానికే అరువిచ్చింది.

విశాఖ రేవు నుంచి లాటిన్ గ్రంథాలకు

18వ శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కోరమాండల్ తీరంలో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ పాముల మీద చేసిన కృషికి ప్రసిద్ధుడు. ఆయన పేరే నేటికీ రక్తపింజరికి ఆంగ్లంలో స్థిరపడి ఉంది. అదే రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. చేపలకు లాటిన్ పేర్లు పెట్టే పనికి పూనుకోకుండా, మత్స్యకారులు పలికిన పేర్లనే ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. వాటిలో పాల సొర ఒకటి. తరువాతి ఐరోపా శాస్త్రవేత్తలు ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకుని కొత్త జాతులకు పేర్లు పెట్టినప్పుడు తెలుగు మాట వారి లాటిన్‌లోకి నడిచి వెళ్ళింది. తోక కొసలపై నల్లమచ్చ గల ఒక సొరజాతి ఇప్పటికీ కార్కరైనస్ సొర్రా అనే పేరుతోనే చలామణి అవుతోంది. పాలసొర్రా అనే జాతి నామం కూడా చాలాకాలం గ్రంథాలలో నిలిచింది.

ఆ సొర్రాకు పేరు పెట్టినవారే స్కోలియోడాన్ లాటికాడస్‌కూ పేరు పెట్టారు. జర్మనీకి చెందిన యోహానెస్ మ్యుల్లర్, యాకోబ్ హెన్లే ఇద్దరూ 1838లో దీనిని వర్ణించారు. ఆ తరువాత సుమారు 170 ఏళ్ళ పాటు హిందూ మహాసముద్రం నుంచి జపాను దాకా ఉన్న పార ముట్టె సొరలన్నీ ఒకే జాతి అనుకున్నారు. 2010లో జరిగిన పునఃపరిశీలన పసిఫిక్ పశ్చిమ తీరపు సొరలు వేరే జాతి అని తేల్చి, స్కోలియోడాన్ మాక్రోరింకోస్ అన్న పాత పేరును పునరుద్ధరించింది. దాంతో లాటికాడస్ హిందూ మహాసముద్రపు జాతిగా మిగిలింది.

సాలమాండర్ కథ కూడా ఇదే దారిలో నడిచింది. జాన్ ఆండర్సన్ 1871లో చైనాలోని యున్నాన్ పశ్చిమ ప్రాంతపు నమూనాలను చూసి టైలోటోట్రైటాన్ వెరుకోసస్ అని పేరు పెట్టాడు. వెరుకోసస్ అంటే బుడిపెలు గలది. డార్జిలింగ్, నేపాల్ కొండల సాలమాండర్లను కూడా నూరేళ్ళకు పైగా ఆ పేరుతోనే పిలిచారు. 2015లో నేపాల్, చైనా, భారత పరిశోధకులు కలిసి శరీర కొలతలను, జన్యు వివరాలను పోల్చి చూసి, తూర్పు నేపాల్ కొండల జీవి వేరే జాతి అని ప్రకటించారు. దానికి టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కార్తికేయన్ వాసుదేవన్ ఆ పరిశోధక బృందంలో ఒకరు. డార్జిలింగ్ కొండల సాలమాండర్‌ను ఇప్పుడు ఈ జాతిగానే పరిగణిస్తున్నారు.

పేరు మారితే ఏమవుతుందని అనుకోవడానికి లేదు. యున్నాన్ దాకా వ్యాపించిన జంతువుకు ఒక లోయలోని కొలను ఎండిపోవడం పెద్ద నష్టం కాదు. తూర్పు నేపాల్, డార్జిలింగ్, భూటాన్ కొండలకే పరిమితమైన జాతికి అదే కొలను ప్రాణాధారం. జాతి రెండుగా చీలిన ప్రతిసారీ ఒక్కో దాని ఇల్లు చిన్నదవుతుంది.

దేహం పనితీరు

సాలమాండర్ చర్మం నగ్నంగా, తేమగా, గ్రంథులతో నిండి ఉంటుంది. వీపుకు ఇరువైపులా, పక్కటెముకల కొసలకు సరిగ్గా ఎదురుగా బుడిపెలు వరుస కట్టి ఉంటాయి. తలపై ఎముక గట్లు, వెన్ను వెంట ఒక గట్టు కనిపిస్తాయి. బుడిపెల నుంచి స్రవించే ద్రవం శత్రువుకు రుచించదు. ఈ జీవి ఊపిరితిత్తులతో పాటు చర్మం ద్వారా కూడా శ్వాసిస్తుంది. చర్మమే శ్వాసాంగం కావడం వల్ల నీటిలో కలిసే పురుగుమందు నేరుగా దాని దేహంలోకి చేరుతుంది. తేయాకు తోటల మధ్య కొలనులలో కాపురముండే జంతువుకు ఇది చిన్న విషయం కాదు.

సొర చర్మాన్ని తల నుంచి తోక వైపు నిమిరితే నునుపుగా, తోక నుంచి తల వైపు నిమిరితే ఆకురాయిలా తగులుతుంది. ప్లాకాయిడ్ పొలుసులు అనే అతి సూక్ష్మమైన దంతాల వంటి నిర్మాణాలు దానికి కారణం. నిర్మాణంలో అవి నిజంగానే దంతాలు. నోటిలోని పళ్ళు జీవితాంతం ఊడుతూ, వెనుక వరుస ముందుకు వస్తూ ఉంటాయి. సాలమాండర్ దీనికి మించిన విద్య నేర్చింది. తెగిన కాలు, తోక ఎముకతో, కండతో, నరంతో సహా తిరిగి మొలుస్తాయి. వెన్నెముక గల జంతువులలో వయసు వచ్చాక కూడా ఈ శక్తిని ఇంతగా నిలుపుకున్నవి సాలమాండర్లే. వైద్య పరిశోధకులు వీటి బంధువైన మెక్సికో ఆక్సలాటిల్‌ను ప్రయోగశాలల్లో పెంచుతున్నది ఆ రహస్యం కోసమే.

గుండె, మొప్పల వంటి తేడాలు పాఠశాల విద్యార్థులకు కూడా తెలిసినవే. సొరకు రెండు గదుల గుండె, అయిదు జతల మొప్ప చీలికలు. ఎదిగిన సాలమాండర్‌కు మూడు గదుల గుండె, ఊపిరితిత్తులు. అంతగా తెలియనిది యూరియా సంగతి. సముద్రపు ఉప్పునీరు తన దేహంలోని నీటిని లాగేయకుండా సొర తన రక్తంలో యూరియాను పెద్ద మోతాదులో నిల్వ ఉంచుకుంటుంది. ఇతర జంతువులు విసర్జించే వ్యర్థం దానికి కవచం. చేప చనిపోయాక ఆ యూరియా అమ్మోనియాగా మారుతుంది. సొరను వండే తీరవాసులు దానిని ముందుగా నీళ్ళలో ఉడికించి, ఆ నీరు పారబోసి, చర్మం గీరి, మాంసాన్ని చిదిమి, ఆపైన అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయలతో పొడిపొడిగా వేయించి సొర పిట్టు చేస్తారు. ఘాటైన వాసనను వదిలించే ఆ వంటింటి పద్ధతి వెనుక ఉన్నది శుద్ధ రసాయన శాస్త్రమే. బాలింతలకు పాలు పడతాయన్న నమ్మకంతో సొర పిట్టు పెట్టే ఆనవాయితీ కోస్తా జిల్లాల్లో నేటికీ ఉంది. పాల సొర అన్న పేరును ఆ నమ్మకంతో ముడిపెట్టి చెబుతారు.

రెండింటికీ నిజమైన ఉమ్మడి వారసత్వం ఒకటుంది. సొర ముట్టెపై ఉండే సన్నని రంధ్రాల అడుగున జిగురు నిండిన తిత్తులు ఉంటాయి. ఇటలీ వైద్యుడు స్టెఫానో లోరెంజిని 17వ శతాబ్దంలో వీటిని వర్ణించడంతో ఆయన పేరు వచ్చింది. ఇసుకలో, బురదలో దాగిన ఎర జీవి కండరాల నుంచి వెలువడే అతి స్వల్ప విద్యుత్తును ఈ తిత్తులు పసిగడతాయి. మురికినీటిలో, చూపు ఆనని చోట తిరిగే పార ముట్టె సొరకు వెడల్పాటి చదును ముట్టె అందుకు అనువైనది. నీటిలో పెరిగే సాలమాండర్ పిల్లలకు కూడా ఇలాంటి విద్యుత్ గ్రాహకాలు, నీటి కదలికలను గుర్తించే పార్శ్వరేఖ ఉంటాయి. ఈ అవయవాలు పిండదశలో ఒకే రకపు కణజాలం నుంచి రూపొందుతాయని అధ్యయనాలు తేల్చాయి. అంటే 42 కోట్ల ఏళ్ళకు ముందరి ఉమ్మడి పూర్వీకుడికి ఉన్న ఇంద్రియం ఇది. సొర దానిని జీవితాంతం నిలుపుకుంది. సాలమాండర్ బాల్యంలో వాడుకుని, నేల మీదికి వచ్చే వేళ విద్యుత్ గ్రాహకాలను విడిచిపెడుతుంది. కప్పల్లో అవి అసలే లేవు.

గుడ్డు పెట్టేది, పిల్లను కనేది

హిమాలయ సాలమాండర్ ఏడాదిలో ఎక్కువ కాలం నేల మీదే గడుపుతుంది. చలికాలమంతా రాళ్ళ కింద, కుళ్ళిన దుంగల కింద, నేల బొరియల్లో సుప్తావస్థలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో జల్లులు పడి కొలనులు నిండగానే నీటికి చేరుతుంది. మగజీవి శుక్రకణాల ముద్దను కొలను అడుగున విడుస్తుంది. ఆడజీవి దాని మీదుగా కదిలి ఆ ముద్దను తన అవస్కరంలోకి గ్రహిస్తుంది. కప్పల్లో ఫలదీకరణ సాధారణంగా దేహం వెలుపల, నీటిలో జరుగుతుంది. సాలమాండర్లలో అత్యధిక జాతులలో మాత్రం ఇలా దేహం లోపలే జరుగుతుంది. ఆ తరువాత ఆడజీవి గుడ్లను ఒక్కొక్కటిగా నీటి మొక్కల ఆకులకు, కాడలకు అంటిస్తుంది. గుడ్డు చుట్టూ పారదర్శకమైన జిగురు పొర ఉంటుంది. తల్లి బాధ్యత అంతటితో సరి. పొదిగిన డింభకానికి మెడకిరువైపులా ఈకల వంటి బాహ్య మొప్పలు ఉంటాయి. కొన్ని నెలల పాటు నీటిలోని చిన్న ప్రాణులను తిని పెరిగి, మొప్పలు కోల్పోయి, ఊపిరితిత్తులతో ఒడ్డెక్కుతుంది. ఈ మధ్యకాలంలో కొలను ఎండినా, అందులోకి పెంపకపు చేపలను వదిలినా ఆ ఏటి సంతానం మొత్తం పోయినట్టే.

సొరలో కూడా ఫలదీకరణ దేహం లోపలే జరుగుతుంది. మగ సొరకు కటి వాజాల వెంట క్లాస్పర్లు అనే రెండు పొడుగాటి అవయవాలు అందుకోసమే ఉన్నాయి. ఆపైన జరిగేది చేపల లోకంలో విశేషం. సొరల్లో కొన్ని తోలు సంచుల్లో గుడ్లు పెడతాయి. కొన్నింటిలో గుడ్డు తల్లి గర్భంలోనే పొదిగి, సొనతోనే పెరిగి, పిల్ల బయటికి వస్తుంది. మరికొన్నింటిలో సొన సంచి గర్భాశయపు గోడకు అతుక్కుని జరాయువుగా మారుతుంది. పార ముట్టె సొర ఈ మూడో మార్గంలో మిగతా వాటన్నిటి కంటే ముందుకు వెళ్ళింది. దాని అండం సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. సొరలన్నింటిలో ఇంత చిన్న అండం మరి దేనికీ లేదు, అందులో సొన లేనట్టే లెక్క. నీటి మొక్కకు సాలమాండర్ అంటించే గుడ్డే దీనికంటే పెద్దది. సొన లేని పిండానికి తిండి ఎక్కడిది? పిండం కేవలం కొద్ది మిల్లీమీటర్లు ఉండగానే గర్భాశయపు గోడ నుంచి రక్తనాళాలతో నిండిన గిన్నె వంటి నిర్మాణం మొలిచి దానిని తనలోకి తీసుకుంటుంది. అక్కడ ఏర్పడే జరాయువు, బొడ్డుతాడు ద్వారా తల్లి రక్తం నుంచి పోషకాలు పిండానికి అందుతాయి. బొడ్డుతాడుకు దారాల వంటి శాఖలు కూడా ఉంటాయి. అయిదారు నెలల గర్భవాసం తరువాత 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున్న పిల్లలు పుడతాయి. తల్లి పొడవే అర మీటరు చుట్టూ ఉంటుంది, అరుదుగా మాత్రమే 70 సెంటీమీటర్లు దాటుతుంది. అలాంటి తల్లి కాన్పుకు డజను చొప్పున, ఒక్కోసారి 20 దాకా పిల్లల్ని కంటుంది. తల్లి పెద్దదైన కొద్దీ పిల్లల సంఖ్య పెరుగుతుంది.

జరాయువు క్షీరదాల సొత్తు అని బోధించే అలవాటు ఎంత బలమైనదంటే, సొరకు జరాయువు ఉందన్న మాట శాస్త్రలోకంలోనే రెండు వేల ఏళ్ళు అపనమ్మకం మధ్య గడిపింది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మధ్యధరా సముద్రపు నున్నని సొరలో పిల్ల తాడుతో తల్లికి అంటి ఉంటుందని రాశాడు. ఆ మాటను చాలామంది పట్టించుకోలేదు. చివరికి 1840ల తొలినాళ్ళలో అది నిజమేనని కోసి చూపినవాడు యోహానెస్ మ్యుల్లర్. స్కోలియోడాన్‌కు పేరు పెట్టిన ఇద్దరిలో ఒకడు.

ఉన్నత జీవులు పిల్లల్ని కంటాయి, నిమ్న జీవులు గుడ్లు పెడతాయి అన్న నిచ్చెన ఈ రెండు జంతువుల ముందు నిలబడదు. సముద్రంలో డింభకాలుగా వదిలితే ఎన్నో నోళ్ళకు ఆహారమయ్యే పిల్లలను సొర తన కడుపులో దాచి, ఈదగల స్థితిలో విడుస్తుంది. కొండకొలనులో శత్రువులు తక్కువ. అక్కడ గుడ్డును ఆకుకు అంటించి వెళ్ళడమే చాలు, కనీసం ఒకప్పుడు చాలేది.

డిగ్రీ ప్రయోగశాలలో సొర

దేశంలో జంతుశాస్త్రం చదివిన పాత తరాలకు స్కోలియోడాన్ పేరు కొత్త కాదు. లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాల అధ్యాపకురాలు ఇ.ఎం. తిల్లయంపలం 1928లో ఇండియన్ జువలాజికల్ మెమొయిర్స్ గ్రంథమాలలో ఈ సొర దేహనిర్మాణంపై ఒక పుస్తకం వెలువరించారు. దేశీయ విద్యార్థి దేశీయ జంతువునే కోసి నేర్చుకోవాలన్నది ఆ గ్రంథమాల ఉద్దేశం. అప్పటి నుంచి దశాబ్దాల తరబడి విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో ఫార్మలిన్ తొట్టెలలో ఈ సొరలు బారులు తీరాయి. కపాల నాడుల కోత పరీక్షలో మార్కులు పోగొట్టుకున్నవారూ, తెచ్చుకున్నవారూ తెలుగునాట వేలమంది ఉంటారు. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం జంతుశాస్త్ర ప్రయోగాల్లో జంతువుల కోతకు స్వస్తి చెప్పించడంతో ఆ అధ్యాయం ముగిసింది. విద్యార్థులు ఇంతగా కోసిన చేపను గురించి, సముద్రంలో అది ఎలా బతుకుతోందన్న ప్రశ్న మాత్రం తరగతి గదిలో అరుదుగా వినిపించేది.

సాలమాండర్ అదే ప్రయోగశాలల్లో అల్మరాలోని గాజుసీసాలో ఉండేది. దానిని ప్రాణంతో చూడాలంటే డార్జిలింగ్‌కు వెళ్ళాలి.

కొలను, వల

డార్జిలింగ్ పట్టణానికి 20 కిలోమీటర్ల దూరంలో, సుఖియాపోఖ్రీకి సమీపాన జోర్‌పోఖ్రీ ఉంది. పేరుకు జంట కొలనులు అని అర్థం. సాలమాండర్ రక్షణ నిమిత్తం 1985లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం కేవలం 0.04 చదరపు కిలోమీటర్లు, అంటే పదెకరాల లోపు. పులుల కోసం వందల చదరపు కిలోమీటర్లు కేటాయించే దేశంలో ఒక ఉభయచరానికి ఈ మాత్రం చోటు దక్కడం కూడా విశేషమే. ఎందుకంటే ఈ జంతువుకు అడవి ఒక్కటే సరిపోదు, నీరు ఒక్కటే సరిపోదు. కొలను, దాని చుట్టూ ఉన్న తడినేల, రాళ్ళు, కుళ్ళిన ఆకులు, రెండింటి మధ్య దారి అన్నీ కలిసి ఉండాలి. మధ్యలో రోడ్డు పడితే వానాకాలం రాత్రుల్లో చక్రాల కింద నలుగుతుంది. కుర్సియాంగ్ వైపున్న నామ్‌థింగ్ పోఖ్రీ కూడా సాలమాండర్లకు పేరుపొందిన కొలనే. వానలు లేని నెలల్లో అది ఎండిపోతుండడం ప్రకృతి ప్రేమికులను కలవరపెడుతోంది. సరిహద్దుకు అవతల నేపాల్‌లోని ఇలామ్ జిల్లాలో మాయి పోఖరీ 2008 నుంచి రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందింది. నాటు మందుల కోసం సాలమాండర్లను పట్టి ఎండబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. చాలా కొలనులు తేయాకు తోటల్లో, గ్రామాల నడుమ ఉండడం వల్ల అటవీశాఖ ఒక్కటే చేయగలిగింది తక్కువ.

డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జంతుప్రదర్శనశాల మంచు చిరుతలు, ఎర్ర పాండాలతో పాటు సాలమాండర్ల సంరక్షణ పునరుత్పత్తిని కూడా చేపట్టింది. 1958లో నెలకొల్పిన ఈ సంస్థకు 1975లో పెట్టిన పేరు, హైదరాబాద్‌లో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పదేళ్ళకు పైగా పనిచేసిన సరోజినీ నాయుడు కుమార్తెది.

సాలమాండర్‌కు చట్టరక్షణ పాతదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూళ్ళలో దానికి చోటు ఉంది. 2019లో జెనీవాలో జరిగిన సైట్స్ ఒడంబడిక దేశాల సమావేశం టైలోటోట్రైటాన్ ప్రజాతిని మొత్తంగా రెండో అనుబంధంలో చేర్చింది. పెంపుడు జంతువుల అంగళ్ళకు ఇవి ఎగుమతి కావడం ఇందుకు ఒక కారణం. ఇంకొక భయం కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో సాలమాండర్లను తుడిచిపెట్టిన చర్మవ్యాధి శిలీంధ్రాన్ని 2013లో గుర్తించారు. అది ఆసియా నుంచి ఈ వాణిజ్యం ద్వారానే చేరిందని పరిశోధకుల అంచనా.

పాల సొర పరిస్థితి వేరు. దానిని ఎవరూ అరుదైన జంతువుగా చూడరు. గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో చిక్కే చిన్న సొరల్లో దీనిదే పెద్ద వాటా. తీరానికి దగ్గరగా, లోతు తక్కువ గల బురద అడుగుల మీద, నదీముఖాల దగ్గర గుంపులుగా తిరుగుతుంది. రొయ్యలు ఉండేదీ అక్కడే. రొయ్య కోసం వేసిన ట్రాల్ వలలో సొర అడక్కుండానే చేరుతుంది. ఇతర సొరలతో పోలిస్తే దీనికి ఒక అనుకూలత ఉంది. పెద్ద సొరలు ఈడుకు రావడానికి పదేళ్ళూ, అంతకు మించీ తీసుకుంటాయి. ఇది ఒకటి రెండేళ్ళలోనే సంతానానికి సిద్ధమవుతుంది. ఆయుర్దాయం అయిదారేళ్ళే. కాబట్టే ఇంత వేట నడుమ కూడా మార్కెట్లో కనిపిస్తూనే ఉంది. అయినా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దీనిని ముప్పుకు చేరువైన జాతుల జాబితాలో ఉంచింది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకూ 61 రోజుల పాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలానికి ఈ విరామం ఊరట. పాల సొర మాత్రం ఏడాది పొడవునా పిల్లల్ని కంటుంది. మిగిలిన పది నెలల్లో వలకు చిక్కే తల్లుల కడుపులో పిల్లలు ఉంటూనే ఉంటాయి. అందువల్ల నిషేధ కాలం ఒక్కటే దానికి రక్ష కాదు. వల కంటి కొలత, తీరానికి మరీ దగ్గరగా ట్రాలింగ్‌ను ఆపే నిబంధనల అమలు ఇంతకంటే ఎక్కువ పనికొస్తాయి. ఇవి రాష్ట్రాల చేతిలోని విషయాలు.

సొర రెక్కల ఎగుమతిని భారత ప్రభుత్వం 2015లో నిషేధించింది. 2022 నవంబరులో పనామాలో సమావేశమైన సైట్స్ సభ్యదేశాలు స్కోలియోడాన్ చేరి ఉన్న కార్కరైనిడే కుటుంబాన్ని యావత్తూ రెండో అనుబంధంలో చేర్చాయి. ఏడాది గడువు తరువాత 2023 నవంబరు 25 నుంచి అది అమలులోకి వచ్చింది. ఎగుమతి చేయాలంటే ఆ వాణిజ్యం వల్ల జాతి మనుగడకు హాని లేదని దేశపు శాస్త్రీయ యంత్రాంగం ధ్రువీకరించాలి. జెనీవా నిర్ణయంతో సాలమాండర్, పనామా నిర్ణయంతో సొర ఒకే జాబితాలోకి వచ్చాయి. స్థానిక సంతలో గంపకింత అని అమ్ముడుపోయే పాల సొరకు మాత్రం ఆ జాబితా వర్తించదు. దేశంలో పట్టే ఈ సొరల్లో చాలావరకు వెళ్ళేది ఆ గంపల్లోకే.